పది చేతులు, ఒకే లెక్క: స్మార్ట్ కాంట్రాక్ట్ ఇంజిన్‌ని పరీక్షించడం గురించి



ఈ ఉపన్యాస నిధి ఎవరి పేరిట ఏర్పడిందో ఆ మాస్టారు గణితం చెప్పేవారు. జవాబు రాసినంత మాత్రాన సగం మార్కులేననీ, దాన్ని తిరగేసి సరిచూసుకున్న ఆనవాళ్లు కాగితం మీద కనిపిస్తేనే తక్కిన సగం పడేవనీ ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఈ ఏడాది నన్ను మాట్లాడమన్నప్పుడు, సరిచూసుకోవడమే అసలు పనిగా మారిపోయిన ఒక సాఫ్ట్‌వేర్ గురించి చెబుదామనిపించింది. దాని పేరు ఇథీరియం వర్చువల్ మెషీన్. పొట్టిగా ఈవీఎం. క్రిప్టో ధరల గురించి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పను. కొనాలా అమ్మాలా తేల్చుకుందామని వచ్చినవాళ్లుంటే ముందే క్షమాపణ చెబుతున్నాను.

ఇథీరియం 2015 జులై 30న మొదలైంది. అందులో స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే గొలుసు (బ్లాక్‌చెయిన్) మీద ఒక చిరునామాలో కూర్చున్న చిన్న ప్రోగ్రామ్. ఎవరో ఒక లావాదేవీ పంపితే ఆ ప్రోగ్రామ్ నడుస్తుంది, ఖాతాల్లో నిల్వలు మారతాయి. ఎక్కడ నడుస్తుందన్నదే విశేషం. బ్యాంకు సర్వర్ లాంటి ఒక చోట కాకుండా, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి పూర్తి నోడ్ మీదా నడుస్తుంది. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు అదే లావాదేవీని మళ్లీ మొదటి నుంచీ లెక్కకట్టి, చివర్లో ఖాతాలన్నిటి స్థితికీ కలిపి ఒక హాష్, అంటే వేలిముద్ర లాంటి ఒక సంఖ్య, తీస్తారు. ఆ హాష్ అందరికీ ఒకటే రావాలి. ఒక్క ఖాతాలో ఒక్క బైటు తేడా వచ్చినా హాష్ పూర్తిగా మారిపోతుంది. ఒక ఊరి శిస్తు లెక్కని పదిమంది కరణాలు ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా కట్టి, సాయంత్రానికి దమ్మిడీతో సహా ఒకే మొత్తం చెప్పాలన్న షరతు ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఈ షరతు ఇంజిన్ రూపాన్నే నిర్ణయించింది. ఈవీఎంలో దశాంశాలు లేవు, అన్నీ 256 బిట్ల పూర్ణాంకాలే. ఎందుకంటే దశాంశాల లెక్క ఒక్కో ప్రాసెసర్ మీద ఒక్కో రకంగా రౌండ్ అయ్యే ప్రమాదం ఉంది. కంప్యూటర్ గడియారాన్ని అడగడానికి వీల్లేదు. ఇంటర్నెట్ నుంచి ఏదీ తెచ్చుకోవడానికి వీల్లేదు. స్టాక్ లోతు 1024కి మించకూడదు. సున్నాతో భాగిస్తే మన దగ్గర తప్పు, అక్కడ జవాబు సున్నా. మాస్టారు ఒప్పుకునేవారు కాదేమో. కానీ అక్కడ కావలసింది గణితపు అందం కాదు. ఆ మూల పరిస్థితిలో ఏం జరగాలో ముందే రాసిపెట్టి ఉండడం, అందరూ దాన్నే పాటించడం.

ఇక గ్యాస్. ప్రతి ఆదేశానికీ ఒక ధర ఉంటుంది. మామూలుగా ఈథర్ (ఇథీరియం నాణెం) పంపడానికి 21,000 గ్యాస్ అవుతుంది. ఎప్పటికీ ఆగని ప్రోగ్రామ్ ఎవరైనా రాస్తే, గ్యాస్ అయిపోగానే ఇంజిన్ దాన్ని ఆపి, అప్పటిదాకా చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటుంది. ‘వెనక్కి తీసుకుంటుంది’ అన్న ఈ మాటని గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

2014లో గావిన్ వుడ్ ఈ ఇంజిన్ నియమాలని గణిత సంకేతాల్లో రాసి ఎల్లో పేపర్ పేరుతో వెలువరించారు. దాని పక్కనే మూడు భాషల్లో మూడు అమలులు పెరిగాయి: గో, సీ ప్లస్ ప్లస్, పైథాన్. ఇలాంటి ఒక్కో అమలునీ క్లయింట్ అంటారు. ఒకే ప్రోగ్రామ్‌ని మూడుసార్లు రాయడం వృథా శ్రమ కదా అని అప్పట్లో అడిగినవాళ్లున్నారు. నాకైతే ఆ ప్రాజెక్టు తీసుకున్న నిర్ణయాలన్నిటిలోనూ ఇదే గట్టిది. పైథాన్‌లో పూర్ణాంకానికి హద్దు లేదు, కాబట్టి 256 బిట్లు దాటినప్పుడు రాసేవాడే గుర్తుపెట్టుకుని కత్తిరించాలి. సీ ప్లస్ ప్లస్‌లో అంత పెద్ద పూర్ణాంకం భాషలోనే లేదు, బయట నుంచి తెచ్చుకోవాలి. ఒక్కో భాష ఒక్కో రకం పొరపాటుకి పురికొల్పుతుంది. మూడింటినీ పక్కపక్కన నడిపితే, నియమాన్ని ఎవరు ఎలా అపార్థం చేసుకున్నారో బయటపడుతుంది.

అలా బయటపెట్టడానికే అందరికీ ఉమ్మడిగా ఒక టెస్టుల భాండారం ఏర్పడింది. ఒక టెస్టు చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. మొదట ఖాతాల స్థితి ఇది, బ్లాకు (లావాదేవీల కట్ట) వివరాలు ఇవి, వచ్చిన లావాదేవీ ఇది, నడిచాక రావలసిన హాష్ ఇది. అంతే. అందులో ఏ భాషా ఉండదు, ఏ క్లయింటు లోపలి సంగతీ ఉండదు. అందుకే ఎవరు కొత్త ఇంజిన్ రాసినా మొదటి రోజు నుంచే దాని మీద పెట్టి చూసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ తెరిచి ఉండడమేనని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కోడ్ ఎవరిది వాళ్లదే, లైసెన్సులు కూడా వేరువేరు. నిజమైన ఉమ్మడి ఆస్తి ఈ టెస్టులే.

ఆ తొలి టెస్టింగ్ పనికి నాయకత్వం వహించినవాళ్లలో క్రిస్టోఫ్ యెంచ్ అనే భౌతికశాస్త్రవేత్త ఒకరు. ఆయనే తర్వాత 2016లో ‘ది డావో’ అనే పెట్టుబడి కాంట్రాక్ట్‌ని రాసిన బృందానికి ముఖ్యుడు. ఆ జూన్‌లో ఒక ఆగంతకుడు డావో నుంచి దాదాపు 36 లక్షల ఈథర్ లాగేసుకున్నాడు. కాంట్రాక్ట్ ముందు డబ్బు పంపి, తర్వాత నిల్వ తగ్గించేది. డబ్బు అందుకున్న కాంట్రాక్ట్ ఆ మధ్యలోనే మళ్లీ వెనక్కి పిలిచి, తగ్గని నిల్వ చూపించి మళ్లీ అడిగింది. రీఎంట్రన్సీ అంటారు దీన్ని. ఇక్కడ ఇంజిన్ తప్పు రవ్వంత కూడా లేదు. నియమం ప్రకారం ఏం చేయాలో సరిగ్గా అదే చేసింది, అన్ని క్లయింట్లూ ఒకేలా చేశాయి, టెస్టులన్నీ పాసయ్యాయి. ఇంజిన్‌ని అంత శ్రద్ధగా పరీక్షించిన మనిషి చేతి మీదుగానే ఈ కాంట్రాక్ట్ రావడాన్ని ఎత్తిపొడుపుగా చెప్పడం లేదు. రెండు పరీక్షలూ వేర్వేరు విద్యలని చెప్పడానికి ఇంతకన్నా మంచి దాఖలా నాకు దొరకలేదు. జులై 20న 19,20,000వ బ్లాకు దగ్గర నియమాన్ని మార్చి ఆ సొమ్ముని వెనక్కి మళ్లించారు. ఒప్పుకోనివాళ్లు పాత గొలుసుని ఇథీరియం క్లాసిక్ పేరుతో కొనసాగించారు. ఆ వివాదం మీద పుస్తకాలే వచ్చాయి కాబట్టి నేను దాటేస్తాను.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి నెలలు.

2016 సెప్టెంబర్‌లో డెవలపర్లందరూ వార్షిక సమావేశం కోసం షాంఘైలో ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఎవరో నెట్‌వర్క్ మీద దాడి మొదలుపెట్టారు. ముందు గో క్లయింట్ అయిన గెత్ మెమరీ చాలక కూలిపోయింది. దాన్ని సరిచేస్తే దాడి ఇంకో దారి పట్టింది. ఎక్స్‌ట్‌కోడ్‌సైజ్ అని ఒక ఆదేశం ఉంది. ఫలానా చిరునామాలో కోడ్ ఎంత పొడుగుందో చెబుతుంది. అప్పట్లో దాని ధర 20 గ్యాస్. ధర నిర్ణయించినప్పుడు అది చిన్న పనే అనిపించి ఉంటుంది. కానీ జవాబు చెప్పాలంటే ఇంజిన్ డిస్క్ దాకా వెళ్లి ఖాతాని చదవాలి. దాడి చేసినవాడు ఒక్కో బ్లాకులో దాన్ని దాదాపు 50,000 సార్లు పిలిచాడు. అతనికి అయ్యే ఖర్చు స్వల్పం. ఒక్కో బ్లాకుని సరిచూడడానికి నోడ్లకి 20 నుంచి 60 సెకన్లు పట్టింది.

ఇంజిన్ ఇచ్చిన జవాబు తప్పు కాదు, అన్ని క్లయింట్లూ ఒకే హాష్ చెబుతున్నాయి. ధర మాత్రం తప్పు. అప్పటిదాకా ఉన్న టెస్టులు ‘జవాబు సరైనదా’ అని అడిగాయి గానీ ‘ఈ జవాబు చెప్పడానికి నిజంగా ఎంత సమయం పట్టింది, మనం వసూలు చేసిన గ్యాస్ దానికి సరిపోయిందా’ అని అడగలేదు. అక్టోబర్ 18న టాంజరీన్ విజిల్ అనే మార్పుతో ఆ ధరని 700కి పెంచారు.

ఈలోపు అదే దాడిలో ఇంకో పని జరిగింది. కాంట్రాక్ట్ తనని తాను చెరిపేసుకునే ఆదేశం అప్పట్లో ఉచితం. పోతూ పోతూ మిగిలిన సొమ్ముని ఏ చిరునామాకైనా పంపవచ్చు. సొమ్ము సున్నా అయినా సరే, ఆ చిరునామాకి ఒక ఖాతా పుడుతుంది. దీన్ని వాడుకుని దాదాపు 1.9 కోట్ల ఖాళీ ఖాతాలు పుట్టించారు. లోపల ఏమీ లేదు, కానీ ప్రతి నోడ్ వాటిని మోయాలి. ఆ చెత్త ఊడ్చడానికి నవంబర్ 22న, 26,75,000వ బ్లాకు దగ్గర, స్పూరియస్ డ్రాగన్ అనే మార్పు తెచ్చారు. ఖాళీ ఖాతాని ఏ లావాదేవీ అయినా తాకితే అది తొలగిపోతుందన్నది కొత్త నియమం.

ఇక్కడ వస్తుంది ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. ఖాళీ ఖాతాని తాకిన లావాదేవీ మధ్యలో గ్యాస్ అయిపోయి ఆగిపోతే? అప్పటిదాకా జరిగినవన్నీ వెనక్కి పోవాలి, కాబట్టి ఆ తొలగింపూ వెనక్కి పోవాలి. నియమం అదే. నవంబర్ 24న 26,86,351వ బ్లాకు దగ్గర గెత్, రస్ట్ భాషలో రాసిన పారిటీ చెరో దారి పట్టాయి. గెత్ ఆ తొలగింపుని వెనక్కి తీసుకోలేదు. వెతికి చూస్తే పారిటీలోనూ అదే జాతి తప్పు, ఇంకా ఇరుకైన సందర్భంలో, దొరికింది. ప్రీకంపైల్ అనే ముందే అమర్చిన కాంట్రాక్టులని పిలిచినప్పుడు గ్యాస్ అయిపోతే అది కూడా వెనక్కి తీసుకోవడం లేదు.

అప్పటికే ఒక సంఘటన జరిగిపోయి ఉంది. మార్పు అమల్లోకి వచ్చిన 119 బ్లాకులకే, 26,75,119వ బ్లాకులో, 3వ నంబరు చిరునామాలో ఉన్న రైప్‌ఎండీ-160 అనే హాష్ ప్రీకంపైల్ ఖాతా అలా తొలగిపోయింది. గ్యాస్ అయిపోయింది కాబట్టి ఆ తొలగింపు చెల్లకూడదు. కానీ క్లయింట్లలో ఉన్న బగ్గుల వల్ల అది ఎవరి కంటా పడలేదు. తప్పు జవాబుకే అందరి హాషూ కలిసింది. దాని మీద వేల బ్లాకులు పేరుకున్నాయి. ఇక దాన్ని సరిదిద్దితే గొలుసు చరిత్రే మారిపోతుంది. అందుకని నియమానికే ఒక మినహాయింపు రాసుకున్నారు: అన్ని చిరునామాలకీ ఇది వర్తిస్తుంది, 3వ నంబరుకి తప్ప. ఈరోజు కూడా ఎవరైనా కొత్తగా ఇంజిన్ రాసి మొదటి బ్లాకు నుంచి గొలుసుని మళ్లీ లెక్కకట్టాలంటే, ఆ ఒక్క చిరునామా కోసం ఒక ‘ఇఫ్’ వాక్యం రాయవలసిందే. తర్వాత పైథాన్‌లో చదవడానికి వీలుగా రాసిన అధికారిక స్పెసిఫికేషన్‌లో కూడా వ్యాఖ్యానంతో సహా అది ఉంది.

మామూలు సాఫ్ట్‌వేర్‌లో ప్రమాణం ఒకచోట ఉంటుంది, కోడ్ దానికి తగినట్టు ఉందా లేదా అని చూస్తాం. ఈ ఇంజిన్ దగ్గర ఆ క్రమం తిరగబడింది. అందరూ కలిసి చేసిన తప్పు ప్రమాణంలోకి ఎక్కింది. కాబట్టి ఇక్కడ పరీక్షించడమంటే తప్పు చట్టంగా మారకముందే పట్టుకోవడం. గడువు ఒక బ్లాకు, అంటే అప్పట్లో పదిహేను సెకన్లకి కాస్త అటూ ఇటూ.

చేత్తో రాసిన టెస్టులకి రాసినవాడి ఊహే హద్దు. అందుకే ఫజ్జింగ్ వచ్చింది. యాదృచ్ఛికంగా బైట్‌కోడ్ పుట్టించి, దాన్ని గెత్, నెథర్‌మైండ్, బేసు, ఎరిగాన్ లాంటి క్లయింట్లన్నిటి మీదా నడిపి, ప్రతి అడుగులోనూ ఏ ఆదేశం, ఎంత గ్యాస్ మిగిలింది, స్టాక్‌లో ఏముంది అని వరస వరసా పోల్చుతారు. అందరూ ఒకే ఆకృతిలో ఆ వరసలు రాయాలని ఒక ప్రమాణం కూడా పెట్టుకున్నారు. గెత్ బృందంలో పనిచేసిన మార్టిన్ హోల్స్ట్ స్వెండే దీనికోసం తయారుచేసిన పనిముట్లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. రాత్రంతా కంప్యూటర్‌ని అలా వదిలేస్తారు. ఎక్కువ రాత్రులు ఏమీ దొరకదు. విసుగు పుట్టించే పని అని ఒప్పుకోవాలి.

అయినా తప్పించుకున్నవి ఉన్నాయి. వాటిలో రెండు ఒకే చోట దొరకడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 4వ నంబరు చిరునామాలో ఐడెంటిటీ అనే ప్రీకంపైల్ ఉంది. అది చేసేదల్లా ఇచ్చిన డేటాని ఇచ్చినట్టే తిరిగి ఇవ్వడం. మొత్తం ఇంజిన్‌లో అంతకన్నా తేలిక పని లేదు. గెత్‌లో అది డేటాని నకలు తీయకుండా, అదే మెమరీని చూపించి ఊరుకునేది. పిలిచినవాడు తర్వాత ఆ మెమరీలో వేరేది రాస్తే, ‘తిరిగి వచ్చిన’ డేటా కూడా మారిపోయేది. ఈ సంగతి తెలిసి 2020 జులైలో చప్పుడు చేయకుండా సరిదిద్దారు. ఎందుకు ముఖ్యమో చెప్పలేదు కాబట్టి చాలామంది వెర్షన్ మార్చలేదు. నవంబర్ 11న డెవలపర్లు ప్రయోగంగా పంపిన ఒక లావాదేవీ ఆ మూలని తాకింది. పాత వెర్షన్‌లో ఉన్న నోడ్లు విడిపోయాయి. ఎన్నో వాలెట్లు ఆధారపడే ఇన్‌ఫ్యూరా సేవ కొన్ని గంటలు నిలిచిపోయింది.

2021లో, ఇంకో గొలుసు కోసం ఈవీఎంని ఆడిట్ చేస్తుండగా, అదే చోట రెండో తప్పు బయటపడింది. ఈసారి ఇచ్చిన మెమరీ, జవాబు రాయవలసిన మెమరీ ఒకదాని మీదికి ఒకటి కొంచెం జరిగి ఉంటే చాలు, జవాబు రాస్తుండగానే తిరిగి వచ్చిన డేటా చెడిపోతుంది. ఈసారి పద్ధతి మార్చారు. ఫలానా రోజు ముఖ్యమైన సవరణ వస్తుంది, సిద్ధంగా ఉండండి అని ముందే ప్రకటించి ఆగస్ట్ 24న విడుదల చేశారు. 27న ఎవరో ఆ బగ్‌ని వాడారు. బ్లాకులు తయారుచేసే మైనర్లలో ఎక్కువమంది అప్పటికే మారిపోయి ఉండడంతో సరైన గొలుసే నిలిచింది.

ఏ పద్ధతి మేలు? సవరణని దాచిపెడితే ఎవరూ మారరు. చాటి చెబితే, తెరిచి ఉన్న కోడ్‌లో ఏం మారిందో చూసి దాడి చేసేవాడు మూడు రోజుల్లో కనిపెడతాడు. ఉమ్మడి టెస్టుల్లో దాన్ని చేర్చితే మిగతా క్లయింట్లకి మేలు, దాడి చేసేవాడికి తయారు వంటకం. నా ఓటు చాటి చెప్పడానికే. మూడు రోజులు మారడానికి చాలు, నాలుగు నెలల మౌనం ఎవరికీ అక్కరకు రాలేదు.

గణిత నిరూపణ చేయవచ్చు కదా అని ఇక్కడి గణిత విభాగంవాళ్లు అడుగుతారని తెలుసు. చేశారు. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో గ్రిగోరే రోషు బృందం తమ కె-ఫ్రేమ్‌వర్క్‌లో ఈవీఎం మొత్తానికీ నియత అర్థ నిర్వచనం రాసి, దాన్నే నడిపి, ఉమ్మడి టెస్టుల మీద పెట్టి చూశారు. ఎల్లో పేపర్‌లో అస్పష్టంగా ఉన్న చోట్లు అలా తేలాయి. చాలా గొప్ప పని. కానీ నిరూపణ కూడా రాసిన నియమం గురించే మాట్లాడుతుంది. 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ అనే మార్పు రావలసి ఉంది. కాంట్రాక్ట్ తన స్టోరేజ్‌లో రాయడాన్ని చవక చేసే నియమం అందులో ఉంది. క్లయింట్లన్నీ ఒప్పుకున్నాయి, టెస్టులు పాసయ్యాయి. అమలుకి రోజు, రెండు రోజుల ముందు చెయిన్‌సెక్యూరిటీ అనే స్విస్ సంస్థ ఒక సంగతి చూపించింది. పాత కాంట్రాక్టులు ఈథర్ పంపేటప్పుడు అవతలివాడికి 2,300 గ్యాస్ మాత్రమే ఇస్తాయి, అంతలో స్టోరేజ్ మార్చలేడన్న ధీమాతో. ధర తగ్గితే మార్చగలడు, డావో నాటి రీఎంట్రన్సీ మళ్లీ తలెత్తుతుంది. జనవరి 15న మార్పుని వాయిదా వేసి, ఆ నియమాన్ని తీసేసి ఫిబ్రవరి 28న అమలు చేశారు. ఇంజిన్ మీద ఆధారపడి ఇదివరకే రాసిన కాంట్రాక్టుల నమ్మకాలు కూడా స్పెసిఫికేషన్‌లో భాగమేనని, అది ఎక్కడా రాసి ఉండదని అందరికీ తెలిసొచ్చింది.

ఇదంతా మనకి దూరపు విషయం కాదు. మన దగ్గర అమరావతి భూముల రికార్డులని బ్లాక్‌చెయిన్ మీద పెట్టాలన్న ప్రయత్నం 2017 ప్రాంతంలో జరిగింది. అలాంటివి మళ్లీ వస్తాయి. ఇంజిన్ పరీక్షలు ఎంత గట్టివైనా, మొదటిసారి రికార్డులో పేరు తప్పు ఎక్కితే ఆ తప్పుని పదివేల నోడ్లూ ఏకగ్రీవంగా సరైనదే అంటాయి. దానికి కావలసింది సర్వేయరు, తహశీల్దారు కార్యాలయం. ఆ పనిని ఈ పనితో కలపవద్దని మాత్రం చెబుతాను.

విద్యార్థులకి ఒక మాట. ఇప్పుడు అక్కడ ఎక్కువ పని గ్యాస్ ధరల దగ్గరే ఉంది. బ్లాకు గ్యాస్ పరిమితిని 2025లో 3 కోట్ల నుంచి పెంచుతూ వచ్చారు. పరిమితి పెరిగిన కొద్దీ, తక్కువ ధరకి ఎక్కువ సమయం తినే ఆదేశం ఏదైనా మిగిలి ఉంటే అది షాంఘై దాడినే తలపిస్తుంది. పెద్ద సంఖ్యల ఘాతాలు లెక్కకట్టే మోడెక్స్‌ప్ ప్రీకంపైల్ అలాంటిదే. 2025 డిసెంబర్‌లో ఫుసాకా మార్పుతో దాని ధర పెంచారు. ఇలాంటివి వెతకడానికి ఈవీఎం అంతా తెలియాల్సిన పని లేదు, ఒక ఆదేశం క్షుణ్ణంగా తెలిస్తే చాలు. టెస్టుని ఇప్పుడు పైథాన్‌లో రాయవచ్చు. రావలసిన హాష్‌ని పనిముట్టే నింపుతుంది, తర్వాత క్లయింట్లన్నీ దాన్ని నడుపుతాయి. మీరు రాసిన టెస్టు మీద తొమ్మిది ఒక జవాబు, ఒకటి వేరే జవాబు చెబితే సంబరపడి అందరికీ కనబడేలా ఎక్కడా పెట్టకండి. ఆ క్లయింట్ భద్రతా బృందానికి విడిగా మెయిల్ రాయండి, ఆ చిరునామా ప్రతి ప్రాజెక్టూ ఇస్తుంది. జవాబు వచ్చాక, సవరణ విడుదలయ్యాక, అప్పుడు ఆ టెస్టుని మీ పేరుతో ఉమ్మడి భాండారంలో చేర్చమని అడగండి.

ప్రశ్నలకి అరగంట సమయం ఇచ్చారు. అడగండి.